శనివారం పెళ్లికి ఆదివారం వచ్చిన కెమెరా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లి ముహూర్తం శనివారం రాత్రి 2.48 గంటలకు, అంటే తెల్లవారితే ఆదివారం. శుభలేఖలు అచ్చుకు వెళ్లకముందే ఫొటోగ్రాఫరుకు ఫోను చేసి, "16వ తేదీ, రాత్రి రెండు నలభై ఎనిమిది" అని చెప్పి అడ్వాన్సు పంపాను. ఆయన ఆదివారం రాత్రి ఏడింటికి లైట్లు, స్టాండ్లు, ఇద్దరు కుర్రాళ్లతో కల్యాణ మండపానికి వచ్చేసరికి, డెకరేషన్ వారు బంతిపూల దండలు లాగి గోనెసంచుల్లో కుక్కుతున్నారు. పెళ్లి రాత్రి ఎన్నిసార్లు ఫోను చేసినా, సింగరాయకొండలో వేరే పెళ్లి తీస్తున్న ఆయన ఎత్తలేదు. జీలకర్ర బెల్లం నుంచి అరుంధతి దర్శనం దాకా మా మేనల్లుడి సెల్‌ఫోనే దిక్కయింది. అడ్వాన్సు వెనక్కి అడగవచ్చునా?
– ఒక తండ్రి, కందుకూరు

జవాబు: అడగవచ్చు, కానీ సగమే అడగండి. పంచాంగంలో వారం సూర్యోదయంతో మొదలై మరునాటి సూర్యోదయం దాకా సాగుతుంది గనుక, అర్ధరాత్రి దాటి రెండున్నర గంటలైనా పురోహితునికి అది ఇంకా శనివారమే. ఇంగ్లీషు తేదీ మాత్రం పన్నెండు కొట్టగానే 16కు మారిపోతుంది. మీరు పురోహితుని దగ్గర "రాత్రి" అనే మాటను, గోడ క్యాలెండరు నుంచి "16" అనే అంకెను తీసుకుని, రెండింటినీ కలిపి చెప్పారు. 16వ తేదీ రాత్రి అంటే ఎవరైనా ఆ పగలంతా గడిచాక వచ్చే రాత్రినే అనుకుంటారు. (ఇదే లెక్కతో, దగ్గరి బంధువుల పెళ్లికి, మంగళవాయిద్యాల వారు డోళ్లకు గుడ్డలు చుట్టుకుంటుండగా చేరుకున్నవాణ్ణి నేను, కనుక ఆయనను గట్టిగా నిందించలేను.) అయితే పెళ్లిళ్ల సీజనంతా ఇదే పనిలో ఉండే మనిషి, "తెల్లవారితే ఏ వారమండీ?" అని ఒక్క మాట అడగకపోవడం, శుభలేఖ అచ్చయ్యాక దాని ఫొటో పంపమనకపోవడం ఆయన లోపమే. ముహూర్తం మాట ఎలా ఉన్నా, "15 శనివారం సాయంత్రం 5 గంటలకల్లా మండపంలో ఉండాలి" అని మీరు వాట్సాప్‌లో ఒక వాక్యం రాసి ఉంటే ఇంత జరిగేది కాదు. మిగిలిన సగం అడ్వాన్సును సీమంతానికి జమ వేసుకోమనండి; ఆ వేడుక పగటిపూట జరుపుకుంటే భయం లేదు.

ప్రశ్న: నేను కావలిలో స్టూడియో నడుపుతున్నాను. నలభై షీట్ల ఆల్బమ్ అని రేటు చెబితే, పెళ్లికొడుకు తండ్రి, "మా బంధువులే నాలుగు వందల మంది, నలభై ఫొటోల్లో ఎవరిని వేస్తావు, ఎవరిని తీస్తావు?" అని లేచి వెళ్లిపోయారు.
– ఒక ఫొటోగ్రాఫరు

జవాబు: ఆయన మనసులో ఉన్నది, నల్ల కాగితం మీద మూలలు అంటించి పుటకు ఒకటో రెండో ఫొటోలు పెట్టిన పాత ఆల్బమ్. 12 బై 36 షీటు విప్పితే మూడడుగుల వెడల్పు ఉంటుందనీ, అందులో ఐదారు ఫొటోలు పడతాయనీ మాటల్లో చెప్పి లాభం లేదు. మీరు చేసిన ఆల్బమ్ ఒకటి ఆయన ఒడిలో పెట్టండి. ఆ బరువుకే నమ్ముతారు.

ప్రశ్న: ఫొటోగ్రాఫరు మా నాన్నగారికి ఫోను చేసి, "రా కావాలా, ఎడిట్ చేసినవి చాలా?" అని అడిగాడట. "నిన్నగాక మొన్న పరిచయమైనవాడు నన్ను రా అంటాడా!" అని నాన్నగారు బుకింగు రద్దు చేయమంటున్నారు. ఇంతకీ ఆ రా మనకు అవసరమా?
– ఒక వరుడు, నెల్లూరు

జవాబు: బుకింగు రద్దు చేయకండి. రా అంటే కెమెరా సెన్సారు పట్టిన వివరమంతా, రంగులు దిద్దకుండా ఉన్న ఫైలు. ఎడిటింగు తెలిసినవారికి అది బంగారమే కానీ, దానికి తగిన సాఫ్ట్‌వేర్ లేకుండా తెరిస్తే పట్టుచీర కూడా వెలిసిపోయినట్లు కనిపించవచ్చు, కొన్ని ఫోన్లలో అసలు తెరుచుకోదు. ఒక్కొక్కటి 25 ఎంబీ చొప్పున వేసుకున్నా, మూడు వేల ఫొటోలకు 75 జీబీ అవుతుంది. ఇంట్లో ఉన్న 64 జీబీ పెన్‌డ్రైవ్ చాలదు. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలకు, వేరే ఒప్పందం లేకపోతే, 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం తొలి హక్కుదారు తీయించుకున్నవారే. అయినా రా ఫైళ్లు చేతికి ఇస్తారా, అందుకు ఎంత అదనం అన్నది బుకింగు రోజునే రాయించుకోవడం మేలు. ఆ కుర్రవాణ్ణి మాత్రం, నాన్నగారితో మాట్లాడేటప్పుడు "అసలు ఫైళ్లు కావాలాండీ?" అనమనండి.