మామూలు ఐ20కి ఎన్ లైన్ బంపర్లు, సైలెన్సరు వేయించడం: బెజవాడలో నా అనుభవం

బ్రదర్, మీరు అడిగింది క్లుప్తంగా ఇది: 2021 హ్యుందాయ్ ఐ20 స్పోర్ట్జ్, 1.2 పెట్రోలు, దానికి ఎన్ లైన్ ముందు వెనుక బంపర్లు, సైడ్ స్కర్టులు, రెండు గొట్టాల సైలెన్సరు వేయిస్తే కుదురుతుందా, మన ఆటోనగర్‌లోనే చేయించొచ్చా, తర్వాత పోలీసులతో, ఆర్టీవోతో తలనొప్పి ఉంటుందా అని. నాదీ అదే తరం బండి, అదే ఇంజను, మాన్యువల్ గేరు. బాడీ సామాను మొత్తం వేయించాను, సైలెన్సరు మాత్రం కంపెనీ నుంచి వచ్చిందే ఉంచేశాను. నన్నడిగితే బాడీ పని నిశ్చింతగా చేయించుకోండి, సైలెన్సరు మీద పెట్టే డబ్బు మంచి టైర్ల మీద పెట్టండి.

ఎన్ లైన్ అంటే వేరే కారేం కాదు, ఐ20కే స్పోర్టీ రూపం. 2020 నవంబరులో వచ్చిన ఐ20నే తీసుకుని 2021 సెప్టెంబరులో ఎన్ లైన్‌గా దింపారు. బానెట్టు, ఫెండర్లు, డోర్లు అవే. మారింది గ్రిల్లు, బంపర్లు, డోర్ల కింద పొడవునా వచ్చే స్కర్టులు, డిక్కీ పైన స్పాయిలరు. అందుకే నా బండికి ఎక్కడా కొయ్యడం, కరిగించి వంచడం లేకుండా పాత రంధ్రాల్లోనే కూర్చున్నాయి. కాకపోతే 2023 సెప్టెంబరులో ఫేస్‌లిఫ్ట్ వచ్చి బంపర్లు, గ్రిల్లు మళ్లీ మారిపోయాయి, కాబట్టి "ఎన్ లైన్ బంపరు ఉందండీ, చవగ్గా ఇస్తాం" అని ఎవరైనా అంటే అది ఏ సంవత్సరం బండిదో అడక్కుండా డబ్బులు ఇవ్వొద్దు. ఫేస్‌లిఫ్ట్‌ది మీ బండికి పెట్టాలంటే హెడ్‌లైట్ల అంచు దగ్గరే గొడవ మొదలవుతుంది.

కొనడం దగ్గరకొస్తే, స్పేర్ పార్ట్స్ కౌంటర్‌లో చాసిస్ నంబరు కొట్టి సామాను తీస్తారు. మీ బండి నంబరు చెబితే మీ బండి బంపరే వస్తుంది. అందుకే ముందుగా ఎన్ లైన్ మోడల్ పేరు మీద పార్టు నంబర్లు రాయించుకుని, ఆ కాగితం పట్టుకుని ఆర్డర్ పెట్టాలి. ఇక్కడే చాలామంది బంపరు తొక్క, అంటే పై ప్లాస్టిక్ ఒక్కటి కొనేసి పని అయిపోయిందనుకుంటారు. దాని వెనకాల కింది జాలీ, గ్రిల్లు, సైడ్ బ్రాకెట్లు, టో హుక్ మూత, నంబరు ప్లేటు పట్టీ, నల్ల గార్నిష్ ముక్కలు, కింద వచ్చే అండర్ కవరు, క్లిప్పులు, ఇలా లిస్టు కొండవీటి చాంతాడంత ఉంటుంది. నా లెక్కలో ఈ చిల్లర సామాను, పెయింటు కలిపితే బంపరు ఖరీదును దాటేశాయి. ఒక ఊరట ఏంటంటే 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో పార్ట్స్ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. బిల్లు తప్పకుండా తీసుకోండి, ఇన్సూరెన్స్ వాళ్లకు అదే కావాలి.

క్లిప్పుల గురించి ఇంకో మాట, చిన్న విషయమే అయినా పనితనం అక్కడే తెలుస్తుంది. మన ఎండలకు అయిదేళ్లు కాగిన ప్లాస్టిక్ క్లిప్పు స్క్రూడ్రైవరు తగలగానే పటుక్కుమంటుంది. నా బండికి పని చేసిన టింకరింగ్ మేస్త్రి విప్పిన క్లిప్పులన్నీ న్యూస్‌పేపరు పరిచి ఏ వైపువి ఆ వైపు పేర్చాడు, సగానికి పైగా మెడలు విరిగినవే. "ఇవే మళ్లీ కొడితే ఇవాళ నిలబడతాయి సార్, హైవే మీద గాలికి ఫెండరు పక్కన బంపరు పెదవి విప్పుద్ది" అన్నాడు. కొత్తవి తెప్పించాకే బిగించాడు. బంపరుకూ ఫెండరుకూ మధ్య సందు రెండు వైపులా సమానంగా ఉందో లేదో షెడ్డులో కాదు, బండి బయటికి తీయించి ఎండలో నిలబెట్టి చూడండి.

సెకండ్ హ్యాండ్ సామాను కోసం ఆటోనగర్‌లో తిరుగుతారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఎన్ని కార్లు మునిగాయో మనకు తెలిసిందే, అలా మునిగిన బండ్ల సామాను ఏదో ఒక దారిన పాత సామాన్ల షాపులకు చేరుతుంది. బంపరు ప్లాస్టిక్‌కు వరద నీళ్లతో పోయేదేమీ లేదు, కడిగితే సరి. పార్కింగ్ సెన్సార్లు, ఫాగ్ ల్యాంపులు, వైరింగ్ ముక్కలు మాత్రం ఆ బండివి వద్దు. కనెక్టరు విప్పి లోపల పిన్నుల మీద పచ్చగా పట్టిందేమో చూస్తే అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఇక ఫైబరుతో చేసిన కాపీ బంపర్లు కొంటానంటే మీ ఇష్టం, నేనైతే ముట్టను. పార్కింగ్‌లో చిన్నగా తగిలినా కంపెనీ బంపరు లోపలికి పోయి మళ్లీ బయటికి వస్తుంది, ఫైబరుది పగులుతుంది.

బంపరు మారుస్తున్నప్పుడు తొక్క వెనకాల ఉండే ఇనుప బీము, దాని ముందుండే నురుగు దిమ్మె విప్పి పక్కన పెట్టి "ఇది లేకపోయినా పర్లేదు" అనే మహానుభావులు ఉంటారు. ఒప్పుకోవద్దు. గుద్దినప్పుడు దెబ్బ కాచేది ఆ రెండే, తొక్క అందానికి. ఎయిర్‌బ్యాగ్ సెన్సారు వైరు కదిలించే పని ఉంటే బ్యాటరీ నెగటివ్ తీసి కాసేపాగి ముట్టుకోవాలి. వెనుక పార్కింగ్ సెన్సార్లు 2019 జూలై నుంచి తప్పనిసరి కాబట్టి మీ బండికి ఉంటాయి, అవి కొత్త బంపరులోకి అదే వరసలో, అదే కోణంలో వెళ్లాలి. తలకిందులుగా దూరిస్తే ఖాళీ రోడ్డు మీద రివర్స్ వేసినా కుయ్యోమంటుంది.

పెయింటు. కొత్త బంపరు నల్లగా, రంగు లేకుండా వస్తుంది. అది పాలీప్రొపిలిన్, రంగు దానికి తేలిగ్గా పట్టదు, ప్లాస్టిక్ ప్రైమరు కొట్టకపోతే తర్వాత ప్రెషర్ వాష్‌లో పొరలు పొరలుగా లేచిపోతుంది. "ఏ ప్రైమరు కొడతారండీ" అని పెయింటర్‌ని ముందే అడగండి, సమాధానం నసిగితే వేరే షెడ్డు చూసుకోండి. నాది టైటాన్ గ్రే, మెటాలిక్. కలర్ కోడ్ ప్రకారం కలిపినా ఎండకు కాస్త వెలిసిన పాత ఫెండరు పక్కన కొత్త బంపరు వేరుగా కనిపిస్తుంది. అందుకని ఒక రేకు ముక్క మీద కొట్టించి, ఆరాక ఫెండరు పక్కన పెట్టి చూసి, మళ్లీ కలిపించి, అప్పుడే బంపరు మీదికి వెళ్లనిచ్చాను. పెయింటరు విసుక్కున్నాడు, విసుక్కోనివ్వండి. పోలార్ వైట్ అయితే మీకీ బాధ చాలావరకు ఉండదు.

ఇప్పుడు అసలు కథ, సైలెన్సరు. ఎన్ లైన్‌లో ఉన్నది 1.0 టర్బో, మూడు సిలిండర్లు, 120 పీఎస్ పవరు, 172 న్యూటన్ మీటర్ల టార్కు (లాగే బలం). మనది నాలుగు సిలిండర్ల 1.2, టర్బో లేదు, 83 పీఎస్, 115 న్యూటన్ మీటర్లు. ఆ తేడా వచ్చేది టర్బో వల్ల, వెనకాల సైలెన్సరు డబ్బా వల్ల కాదు. డబ్బా మార్చి పికప్ పెరిగిందని ఎవరైనా అంటే ఆ పెరిగింది మోత. ఆ మోత కూడా మీరు విన్న ఎన్ లైన్ మోతలా రాదు. 2500 ఆర్‌పీఎమ్ దగ్గర మూడు సిలిండర్ల ఇంజను సెకనుకు 62 సార్లకు పైగా పేలుతుంది, నాలుగు సిలిండర్లది 83 సార్లు. సైలెన్సరు లోపల గదులు, చిల్లుల గొట్టాలు ఆ లెక్కను బట్టే కట్టి ఉంటాయి. పైగా టర్బో ఉన్న బండిలో పొగ ముందు టర్బైను చక్రం గుండా పోతుంది కాబట్టి మోతలో కొంత భాగం అక్కడే చస్తుంది. ఒక ఇంజను కోసం కట్టిన డబ్బా ఇంకో ఇంజనుకు పెడితే లోపల కూర్చున్నవాళ్లకు ఒక స్పీడులో బూమ్ మని చెవుల్లో గింగురుమనే అవకాశం ఎక్కువ. పైపు సైజు, గొట్టాలు కలిపే ఫ్లాంజి, రబ్బరు హ్యాంగర్ల చోటు కలవాలన్న గొడవ దీనికి అదనం.

గుంటూరులో మా బావమరిది తన బండికి ఫ్రీ ఫ్లో (పొగకు అడ్డు తక్కువుండే) సైలెన్సరు వేయించాడు. ఊళ్లో బాగానే ఉంది, బ్రాడీపేటలో పిల్లలు తలతిప్పి చూస్తున్నారని మురిసిపోయాడు. కాజ టోల్ దాటి ఒకే స్పీడులో పోతుంటే మాత్రం వెనక సీట్లో మాట వినపడదు, మా చెల్లాయి తలనొప్పి మాత్ర వేసుకోకుండా బెజవాడ చేరిన రోజు లేదు. ఇప్పుడు కంపెనీదే మళ్లీ బిగించి తిరుగుతున్నాడు.

అయితే ఎన్ లైన్ వెనుక బంపరులో గొట్టాల కోసం కోత ఉంటుంది, మన బండి సన్న గొట్టం అక్కడ బోసిగా కనిపిస్తుంది, నిజమే. దానికి నేను చేయించింది, డబ్బా జోలికి పోకుండా దాని తర్వాత వచ్చే కొస మాత్రమే 304 స్టెయిన్‌లెస్ రెండు గొట్టాల ముక్కతో మార్పించడం. డబ్బా అదే కాబట్టి మోత పెరగలేదు. వెల్డింగ్ పెట్టేముందు బ్యాటరీ టెర్మినల్ తీయించండి, లేకపోతే ఇంజను కంప్యూటరుకు (ఈసీయూ) ముప్పు. గొట్టానికీ బంపరు ప్లాస్టిక్‌కూ మధ్య రెండు వేళ్లు దూరేంత సందు ఉండాలి, అది కూడా ఇంజను స్టార్ట్ చేసి, ఒకసారి రేజ్ చేసి చూడాలి, ఎందుకంటే గొట్టం రబ్బర్ల మీద వేలాడుతూ ఊగుతుంది. సందు తగ్గితే బంపరు అంచు మెత్తబడి వంకర తిరుగుతుంది.

సైలెన్సరు షాపులో "క్యాట్ తీసేద్దాం అన్నా, బండి ఎగిరిపోద్ది" అంటారు. వద్దు. బీఎస్6 బండిలో ఈ క్యాట్, అంటే పొగలో విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టరు, ఇంజనును ఆనుకునే ఉంటుంది, ముందొకటి వెనకొకటి ఆక్సిజన్ సెన్సార్లు ఉంటాయి, తీసేస్తే చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది, పొల్యూషన్ టెస్టులో దొరికిపోతారు. దాంట్లో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి, మీరు వదిలేసి వెళ్లిన పాత క్యాట్‌ను వాళ్లు మంచి రేటుకు అమ్ముకుంటారు. ఉచితంగా తీసిపెడతామని ఎందుకంటారో అర్థమైంది కదా.

ఎన్ లైన్‌లో వెనక కూడా డిస్కు బ్రేకులే, మనకు డ్రమ్ములు. అవి మార్చాలనే ఆలోచన పెట్టుకోకండి, యాక్సిల్ కొస నుంచి హ్యాండ్ బ్రేకు కేబుల్, ఏబీఎస్ దాకా అన్నీ కదిలించాలి. ముందు డిస్కు బ్రేకుల కాలిపర్లకు ఎర్ర రంగు కావాలంటే వేడికి తట్టుకునే పెయింటు కొట్టించుకోండి, దాంతో బండి ఆగే దూరం ఏమీ మారదు.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగానే చెప్పింది. 182ఎ(4) కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా రాసి ఉంది. సైలెన్సరు మోత అయితే 190(2), మొదటిసారికే 10,000 వరకు జరిమానా, మూడు నెలలు లైసెన్సు పోవచ్చు. నా అభిప్రాయంలో అదే కంపెనీ అదే మోడల్‌కు చేసిన బంపరు, బండి కొలతలు, రంగు మారకుండా ఉంటే రోడ్డు మీద ఎవరూ ఆపరు, నన్ను ఇప్పటిదాకా ఆపలేదు. అలాగని చట్టం దానికి పచ్చజెండా ఊపిందని మాత్రం నేను చెప్పను. మోత వినపడితే మాత్రం ఆపుతారు, బుల్లెట్ బండ్ల సైలెన్సర్లు రోడ్డు మీద పరిచి రోలర్ ఎక్కించడం చూస్తూనే ఉన్నాం.

ఇన్సూరెన్స్ వాళ్లకు బిల్లులు జతచేసి మెయిల్ పెట్టి పాలసీలో రాయించుకోండి, ప్రీమియం కాస్త పెరిగినా సరే. చెప్పకుండా ఉంటే రేపు క్లెయిమ్‌లో సర్వేయరు "ఈ వేరియంటుకు ఈ బంపరు రాదే" అని ఫోటో తీసుకున్నాక మీరేం చెప్పినా ఎక్కదు. ఎన్ లైన్ బ్యాడ్జి మాత్రం నేను అంటించలేదు, 83 పీఎస్ బండికి ఆ పేరు పెట్టుకోవడానికి మనసొప్పలేదు. అమ్మేటప్పుడు కొనేవాడికి అనుమానం కూడా రాదు. పాత బంపర్లు పారేయకండి, ఎప్పుడైనా మళ్లీ మామూలుగా మార్చి అమ్మాల్సి రావచ్చు. ఫ్లాట్ అటక మీద పట్టవు, నావి తెనాలిలో అత్తగారింట్లో మంచం కింద ఉన్నాయి, పండక్కి వెళ్లినప్పుడల్లా "ఇవి ఎప్పుడు తీసుకెళ్తావ్ నాయనా" అని అడుగుతూనే ఉంటారు.

మీ బండి రంగు రాయలేదు. మెటాలిక్ అయితే వానలు తగ్గాక పెయింటుకు ఇవ్వండి, గాల్లో తేమ ఎక్కువున్న రోజుల్లో క్లియర్ కోటు మసకబారుతుంది. మూసి ఉండే పెయింటు గది (బూత్) ఉన్న షెడ్డు దొరికితే ఆ బాధ లేదు.