సోషల్ సెక్యూరిటీ 62కే తీసుకోవాలా, 70 దాకా ఆగాలా?

అమెరికా ప్రభుత్వం ఇచ్చే పెన్షన్ సోషల్ సెక్యూరిటీ. 1960లో గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు పూర్తి పెన్షన్ వయసు 67. అప్పుడు నెలకు 2,000 డాలర్లు వచ్చేవాళ్లకు 62కే మొదలుపెడితే 1,400, 70 దాకా ఆగితే 2,480 వస్తాయి. ధరలను బట్టి పెంచేది వేరు. 62కి మొదలుపెట్టినా 67కి మొదలుపెట్టినా మొత్తం అందిన డబ్బు దాదాపు 78 ఏళ్ల 8 నెలలకు సమమవుతుంది; ఆపైన ఆగినవాళ్లదే లాభం. అన్నాళ్లు ఉంటామో లేదో ఎవరికి తెలుసు అంటారా, నిజమే. అందుకే నేనైతే భార్యాభర్తలిద్దరినీ కలిపి చూస్తాను. ఒకరు పోతే మిగిలినవాళ్లకు సాధారణంగా ఇద్దరి పెన్షన్లలో పెద్ద మొత్తమే నిలుస్తుంది కాబట్టి, ఎక్కువ సంపాదించినవాళ్లు ఆగడం మేలు. ఒంట్లో బాగోలేకపోతే, ఇల్లు గడవకపోతే 62కే తీసుకోండి, మొహమాటం అక్కర్లేదు. ఉద్యోగం చేస్తూ 67కి ముందే తీసుకుంటే మాత్రం, జీతం పరిమితి దాటితే కొంత ఆపేస్తారు. 70 దాటాక ఆగినా పైసా పెరగదు.