సమానం గుర్తు జోలికి వెళ్లేముందు

చిట్టితల్లీ,

కస్టమర్ రికార్డుకి ఈక్వాలిటీ, అంటే రెండు రికార్డులు ఎప్పుడు సమానమో చెప్పే కోడ్, నువ్వే సొంతంగా రాస్తున్నావని మావాడు చెప్పాడు. నా మేనకోడలు ఎఫ్‌షార్ప్ ప్రోగ్రామింగ్ భాషలో పనిచేస్తోందని నలుగురికీ చెప్పుకుని మురిసిపోతుంటాను. ఈ మాట వినగానే మాత్రం టెన్షన్ పట్టుకుంది. "ఐడీ ఒకటైతే చాలు, మిగతా ఫీల్డులు చూడక్కర్లేదు" అన్నావట. అక్కడే ఆగు.

రాయడం పెద్ద పనేం కాదు. టైప్ మీద కస్టమ్‌ఈక్వాలిటీ, నోకంపారిజన్ అని రెండు యాట్రిబ్యూట్లు (కంపైలర్‌కిచ్చే సూచనలు) పెట్టు, ఈక్వల్స్‌ని ఓవర్‌రైడ్ చెయ్యి, దేన్ని పోల్చావో దానితోనే గెట్‌హ్యాష్‌కోడ్ (విలువని త్వరగా వెతకడానికి వాడే హ్యాష్ సంఖ్యని ఇచ్చేది) కూడా రాయి. హ్యాష్ మర్చిపోతే కంపైలరే హెచ్చరిస్తుంది. నోకంపారిజన్ పెట్టావు కాబట్టి ఆ రికార్డుని మ్యాప్‌లో కీగా వాడబోయినా అదే ఆపుతుంది.

నా బెంగంతా కంపైలర్ చెప్పనివాటి గురించే. చాలా ఏళ్ల కిందట మా టీమ్‌లో ఒక కుర్రాడు, తెలివైనవాడే, సరిగ్గా నీలాగే ఆలోచించాడు. లిస్టులోంచి డూప్లికేట్ కస్టమర్లు పోవాలి, అంతే అతని ఉద్దేశం. పోయారు. అందరూ శభాష్ అన్నారు. అయితే అదే టైప్‌ని ఇంకో మూల ఇంకో ఫంక్షన్ వాడుతోంది. డేటాబేస్‌లోని పాత రికార్డూ, ఫారంలోంచి వచ్చిన కొత్త రికార్డూ సమానమైతే సేవ్ చేయకుండా వదిలేసే ఫంక్షన్ అది. రికార్డులకి ఎఫ్‌షార్ప్ తనంతట తాను ఇచ్చే ఈక్వాలిటీ అన్ని ఫీల్డులూ చూస్తుంది కాబట్టి అన్నాళ్లూ బాగానే నడిచింది. ఇప్పుడు చూసేది ఐడీ ఒక్కటే, అదేమో ఎప్పటికీ మారదు. అడ్రస్ మార్చినా, ఫోన్ నంబరు మార్చినా సేవ్ కాలేదు. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఒక్క లైను లేదు. మరి టెస్టులు? అవీ సమానం గుర్తుతోనే పోల్చేవి కదా తల్లీ! పాత అడ్రసూ కొత్త అడ్రసూ చూపించినా "రెండూ ఒకటే" అని పచ్చగా పాసైపోయాయి. సామాన్లు పాత ఇళ్లకి వెళ్లి తిరిగొస్తుంటే కొరియర్ వాళ్లు తిట్లు తిన్నారు పాపం.

నువ్వు పుట్టాక రేషన్ కార్డులో నీ పేరు ఎక్కించడానికి మీ నాన్న ఎంత తిరిగాడో నాకు గుర్తే. "కార్డు నంబరు అదే కదండీ, మార్చేదేముంది" అని ఎవరైనా అని ఉంటే ఊరుకునేవాడా?

కోప్పడుతున్నానని అనుకోకు. డూప్లికేట్లు పోవడమే కావాలంటే డిస్టింక్ట్‌బై అనే లిస్టు ఫంక్షన్‌కి ఐడీ ఇవ్వు, టైప్‌ని ముట్టుకోనక్కర్లేదు. హ్యాష్‌సెట్టే (ఒకే విలువని రెండుసార్లు ఉంచని సెట్) కావాలంటే హ్యాష్‌ఐడెంటిటీలో ఫ్రమ్‌ఫంక్షన్స్ ఉంది, నీ పోలిక ఆ ఒక్క సెట్‌కే వర్తిస్తుంది. సొంత ఈక్వాలిటీ నిజంగా పనికొచ్చేది ఈమెయిల్ లాంటి చిన్న టైప్‌కి. అక్కడ ఈక్వల్స్‌కీ హ్యాష్‌కీ రెండిటికీ స్ట్రింగ్‌కంపేరర్‌లోని ఆర్డినల్‌ఇగ్నోర్‌కేస్ (ఇంగ్లీషు పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడని పోలిక) వాడు. ఒకదానికి వాడి రెండోదానికి మరిచావో, సమానమైన రెండు ఈమెయిళ్లూ ఒకే హ్యాష్‌సెట్‌లో కాపురం పెడతాయి, కంపైలర్ నోరు మెదపదు.

ఇంత చెప్పినా ఐడీయే చాలనిపిస్తే, ముందు ఆ టైప్ మీద నోఈక్వాలిటీ, నోకంపారిజన్ పెట్టి ఒక్కసారి బిల్డ్ చెయ్యి. సమానం గుర్తుతో పోల్చిన చోటల్లా ఎర్రర్ వస్తుంది. టెస్టుల్లోని అసర్ట్‌లు కొన్ని దానికి దొరక్కపోవచ్చు, వాటిని నువ్వే వెతుక్కోవాలి. ఆ లిస్టు నాకు పంపు. ఎంత రాత్రయినా పర్వాలేదు, మీ అత్తయ్య ఏమీ అనదు.

మామయ్య