భిన్నాలున్న సమీకరణాలు: బస్తాల లెక్కలో చెప్పి చూడండి

మీ అబ్బాయికి క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం, అంటే హారాలన్నిటితో భాగం పోయే అతి చిన్న సంఖ్య) కట్టడం వచ్చు, అయినా భిన్నాలున్న సమీకరణాల్లో జవాబు తప్పుతోంది అన్నారు. ఎనిమిదో తరగతిలో నాకూ అదే ఇబ్బంది. పరీక్ష అంటేనే టెన్షన్ వచ్చేది.

మాది పలాస. నాన్న ఒక జీడిపప్పు వ్యాపారి దగ్గర కాటా వేసేవారు. ఒక రాత్రి నేను చేస్తున్న లెక్క ఇది: బస్తాలో సగం పప్పు ఒకరికి, మూడో వంతు ఇంకొకరికి ఇస్తే 5 కిలోలు మిగిలింది, బస్తా ఎంత?

ఎక్స్/2 + ఎక్స్/3 + 5 = ఎక్స్ అని సరిగ్గానే రాశాను. క.సా.గు. 6. తర్వాత 3ఎక్స్ + 2ఎక్స్ + 5 = 6ఎక్స్ అనేసి, ఎక్స్ = 5 అని తేల్చాను. నాన్నకి ఎక్స్ అంటే తెలీదు. జవాబు విని, "బస్తాయే 5 కిలోలైతే, ఇద్దరికీ ఇచ్చాక మళ్లీ 5 కిలోలు ఎలాగ మిగిలిందమ్మా?" అన్నారు.

తర్వాత ఆయనే, "అలాంటి బస్తాలు ఆరు ఉన్నాయనుకో" అన్నారు. సగం అంటే మూడు బస్తాలు, మూడో వంతు అంటే రెండు. ఆ ఐదూ పోతే మిగిలేది ఒక బస్తా. ఒక్కో బస్తాలో 5 కిలోల చొప్పున మిగిలింది 30 కిలోలు. అంటే బస్తా 30 కిలోలు!

క.సా.గు.తో గుణించడం అంటే ఇదే. భిన్నాలను మాత్రమే కాదు, పక్కన ఒంటరిగా ఉన్న 5ని కూడా ఆరింతలు చేయాలి. నేను ట్యూషన్ చెప్పే పిల్లలు ఎక్కువగా వదిలేసేది దాన్నే. ఇప్పటికీ వాళ్లకి ముందు బస్తాలే చెప్తాను, గుణకారం ఆ తర్వాత.

మీ అబ్బాయి నోటుబుక్కులో ఇంకొకటి కూడా చూడండి. ఎక్స్/3 − (ఎక్స్ − 2)/4 = 2 లాంటి లెక్కలో హారం పోయాక బ్రాకెట్ అలాగే ఉంచాలి: 4ఎక్స్ − 3(ఎక్స్ − 2) = 24. బ్రాకెట్ విప్పితే +6 వస్తుంది, ఎక్స్ = 18. మైనస్ మర్చిపోయి −6 వేస్తే 30 వస్తుంది. ఏది సరైనదో వాడినే వేసి చూసుకోమనండి: 18తో 6 − 4 = 2, సరిపోయింది. 30తో 10 − 7 = 3.