డిస్పోజల్ లారీ షెడ్డులో చిక్కుకుంది, రాత్రికి వెళ్లి తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: మా నాన్న ఆర్మీలో శక్తిమాన్ లారీ నడిపేవారు. ఆయన గుర్తుగా ఒక డిస్పోజల్ (సైన్యం వాడి వదిలించుకున్న) శక్తిమాన్‌ను, వేలంలో పాడుకున్న వ్యాపారి దగ్గర కొన్నాను. బాడుగకు తిప్పే ఉద్దేశం లేదు, సరదా కొద్దీ కొన్నదే. నాలుగేళ్ల క్రితం ఇంజిన్ పనికి ఒక మేస్త్రీ షెడ్డులో పెట్టాను. లక్షన్నర ఫోన్‌పేలో, ఇంకొంత నగదుగా ఇచ్చాను. ఏడాదిన్నర క్రితం "మిగతా ఎనభై వేలు, షెడ్డు అద్దె కట్టేదాకా బండి కదలదు" అని వాట్సాప్‌లో పెట్టాడు. నిలదీస్తే "ఆర్‌సీ లేని బండి నీదని ఎవరన్నారు" అంటున్నాడు. ఫ్యూయెల్ పంపు, ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) మార్చేశాడని అనుమానం. ఈలోగా నాన్న పోయారు. మూడేళ్లు దాటింది కాబట్టి కేసు చెల్లదని ఒకరు చెప్పారు. నా బండిని నేను రాత్రి క్రేన్ పెట్టి తెచ్చుకుంటే తప్పేంటి?

జవాబు: మీరు పంపింది నాలుగు పేజీల ఉత్తరం, పైన వేసింది దాని సారాంశం. అందులో రెండు పేజీలు నాన్నగారి గురించి, ఒక పేజీ మేస్త్రీ బుద్ధి గురించి. కోర్టుకు ఆ మూడు పేజీలతో పని లేదు. కావలసిన ఒక్క సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు. ఇవాళ ఆ ఇంజిన్ స్టార్ట్ అవుతుందా, అవదా?

ఎందుకు అడుగుతున్నానంటే, మీరు జతచేసిన చాట్‌లో మీ మెసేజే ఒకటి ఉంది: "మిగతాది బండి స్టార్ట్ అయ్యాక ఇస్తాను." దానికి అతను "సరే సార్" అన్నాడు. ఉత్తరంలో ఏమో "పైసా బాకీ లేను" అని రాశారు. అవతలి వకీలు మిమ్మల్ని బోనులో నిలబెట్టి మొదట చూపించేది ఆ మెసేజే. కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, ఒప్పుకున్న పని చేసినవాడికి తన కూలి డబ్బు వచ్చేదాకా ఆ వస్తువును తన దగ్గరే ఉంచుకునే హక్కు ఉంది. కానీ అదే సెక్షన్ కింద దర్జీ ఉదాహరణ ఒకటి ఇచ్చారు: కోటు కుట్టగానే ఇస్తానని, డబ్బుకు మూడు నెలలు గడువిస్తానని ఒప్పుకున్న దర్జీ, డబ్బు రాలేదని కోటు ఆపడానికి వీల్లేదు. అంటే డబ్బు ఎప్పుడు చేతులు మారాలో ఇద్దరూ ముందే అనుకుంటే ఆ మాటే నడుస్తుంది. మీ ఇద్దరి మాట "స్టార్ట్ అయ్యాక". ఇంజిన్ ఇంకా స్టార్ట్ కాకపోతే ఆ ఎనభై వేలు కట్టాల్సిన సమయమే రాలేదు, బండి ఆపే హక్కూ అతనికి రాలేదని గట్టిగా వాదించవచ్చు. స్టార్ట్ అవుతోందంటే హక్కు అతనిది, ముందు మీరు డబ్బు కట్టాలి. షెడ్డు అద్దె సంగతి వేరు. 170 కింద ఆపుకోగలిగేది చేసిన పనికి రావలసిన కూలి కోసమే, బండి తన చోట ఉన్నందుకు అద్దె కోసం కాదు.

ఇక క్రేన్ సంగతి. ఆ ఆలోచన ఇప్పుడే మానుకోండి. "నా వస్తువు నేను తెచ్చుకుంటే దొంగతనం ఎలా అవుతుంది" అని అందరూ అంటారు. అవుతుంది. 1860 నాటి ఐపీసీ 378వ సెక్షన్ కిందే దీనికి ఉదాహరణ ఉంది, ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 303లో ఉంది: రిపేరుకిచ్చిన వాచీకి డబ్బు బాకీ ఉండగా, ఆ బాకీకి హామీగా రిపేరువాడు ఆపుకున్న వాచీని సొంతదారే, ఆ హామీ పోగొట్టాలని తీసుకుపోతే అది దొంగతనమే. బాకీ లేనప్పుడు తీసుకుపోతే దొంగతనం కాదన్న ఉదాహరణ కూడా దాని ముందే ఉంది, కానీ అక్కడ కూడా బలవంతంగా లాక్కుంటే అక్రమ ప్రవేశం, దాడి కేసులు రావచ్చు. మీ విషయంలో బాకీ ఉందో లేదో తేలకముందే, మీ "మిగతాది ఇస్తాను" మెసేజ్ పట్టుకుని అతను స్టేషన్‌కు వెళ్తాడు.

కేసు భయం ఒక్కటే కాదు. ఆ బండి షెడ్డులో ఉన్నంతసేపే అది మీకు సాక్ష్యం. గేటు దాటిందా, "నా దగ్గర ఉన్నప్పుడు సెల్ఫ్ కొడితే స్టార్ట్ అయ్యేది, పంపు, ట్రాన్స్‌ఫర్ కేసు అన్నీ ఒరిజినలే, వీళ్లే దారిలో ఊడదీశారు" అంటాడు. కాదని చూపడానికి మీ దగ్గర ఏముంది? బండి ఇచ్చిన రోజు ఏ పని ఒప్పుకున్నాడో రాసిన షెడ్డు జాబ్ కార్డు లేదు. ఇంజిన్ నంబరు, పంపు మీది ప్లేటు ఫొటో లేవు. నగదుకు రసీదు లేదు. శక్తిమాన్ తయారీ 1996లో ఆగిపోయింది, దాని ఒరిజినల్ స్పేరు ఒకటి దొరకాలంటే ఎంత తిరగాలో మీకే బాగా తెలుసు, అలాంటి బండిని చీటీ ముక్క లేకుండా వదిలి వచ్చారు. ఇలాంటి చోట జాలి పడటం నా వల్ల కాదు.

కాలపరిమితి గురించి మీకు చెప్పినవారు పొరపాటు పడ్డారు. బండి ఇచ్చిన రోజు నుంచి లెక్కపెట్టరు. లిమిటేషన్ చట్టం 70వ ఆర్టికల్ ప్రకారం, ఉంచమని ఇచ్చిన వస్తువును తిరిగి రాబట్టుకోవడానికి, మీరు అడిగి అతను కాదన్న రోజు నుంచి మూడేళ్లు. నష్టపరిహారానికి 91వ ఆర్టికల్, అక్కడా అతని దగ్గర ఉండటం అక్రమం అయిన రోజు నుంచి మూడేళ్లే. మీ చాట్‌లో "బండి కదలదు" అన్నది ఏడాదిన్నర క్రితం. సివిల్ కోర్టుకు ఇంకా ఏడాదిన్నర ఉంది. సరదాకు కొన్న బండి కాబట్టి మీరు వినియోగదారుడి కిందికీ వస్తారు, కానీ కన్స్యూమర్ కమిషన్‌లో గడువు రెండేళ్లే, అంటే మిగిలింది ఆరు నెలలు. నోటీసు మీద నోటీసు ఇస్తూ పోతే గడువు పెరుగుతుందని కొందరనుకుంటారు, పెరగదు.

మీరు సొంతంగా రాసుకున్న నోటీసు చిత్తు చూశాను. "గత మూడున్నరేళ్లుగా అడుగుతున్నా ఇవ్వడం లేదు" అని మొదలుపెట్టారు. చించేయండి. కోపంలో రాసిన ఆ ఒక్క వాక్యంతో అతను కాదన్న తేదీని మీరే వెనక్కి జరిపి, కాలం చెల్లిందని వాదించే అవకాశం అతని చేతికి ఇస్తున్నారు. పని సాగుతోందని అతను చెబుతూ వచ్చిన కాలం వేరు, ఇవ్వనని తేల్చి చెప్పిన రోజు వేరు. నోటీసులో ఆ రోజు తేదీ, ఆ మెసేజ్ మాత్రమే ఉండాలి.

నన్నడిగితే సివిల్ కోర్టుకే వెళ్లమంటాను. నగదు ఎంత ఇచ్చారు, స్పేర్లు ఎవరు మార్చారు అన్న గొడవకు సాక్షులు, క్రాస్ ఎగ్జామినేషన్ కావాలి, కమిషన్ ముందు పెడితే సివిల్ కోర్టులో తేల్చుకోమనే ప్రమాదం ఉంది. బండి అప్పగింతకు దావా వేసి, దాంతోపాటే రెండు పిటిషన్లు వేయించండి. బండిని అమ్మకుండా, విప్పకుండా, కదపకుండా ఇంజంక్షన్, అంటే నిషేధ ఉత్తర్వు, ఒకటి. అడ్వకేట్ కమిషనర్‌ను, అంటే కోర్టు తరఫున వెళ్లి చూసివచ్చే వకీలును, వేయమని రెండోది: ఒక మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్లి ఛాసిస్, ఇంజిన్ నంబర్లు, పంపు, ట్రాన్స్‌ఫర్ కేసు రాసుకుని, అందరి ముందూ సెల్ఫ్ కొట్టి చూసి రిపోర్టు ఇవ్వాలి. మీ కేసు గెలుపోటములు చాలావరకు ఆ రిపోర్టులోనే తేలిపోతాయి. ఇలాంటి స్పేర్లు బజార్లో దొరకవు కాబట్టి డబ్బు చాలదు, బండే కావాలని స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 8వ సెక్షన్ కింద అడగవచ్చు. ఒకవేళ స్టార్ట్ అయిందనుకోండి, బెట్టు చేయకుండా ఎనభై వేలు కోర్టులో డిపాజిట్ చేస్తానని, లెక్క తర్వాత తేల్చమని, బండి ముందు ఇప్పించమని అడగండి.

వాట్సాప్ ప్రింట్లు మాత్రమే ఉంటే చాలదు. సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, అందులో ఒక భాగం మీరు, ఇంకోటి నిపుణుడు సంతకం చేయాలి. ఆ ఫోన్ అమ్మొద్దు, మార్చొద్దు, చాట్ చెరపొద్దు.

"ఆర్‌సీ లేదు, నీదని ఎవరన్నారు" అన్న మాటకు భయపడకండి. మీ దగ్గర రిపేరుకు తీసుకున్నవాడు, ఆ రోజు బండి ఇచ్చే హక్కు మీకు లేదని ఇప్పుడు అనడానికి చట్టం ఒప్పుకోదు. కానీ ఆర్టీఓ ఒప్పుకోడు, అది వేరే తలనొప్పి. సైన్యం చేతి నుంచి బయటికొచ్చిన బండిని మోటారు వాహనాల చట్టం 60వ సెక్షన్ ప్రకారం మామూలు బండిలాగే రిజిస్టర్ చేయాలి, దానికి సంబంధిత అధికారి ఇచ్చిన అసలు సేల్ సర్టిఫికెట్, అంటే ఫారం 21 కావాలి. మీకు వ్యాపారి ఇచ్చింది తెల్లకాగితం రసీదు. అతను ఆ లాట్‌ను బండిగా పాడాడా, స్క్రాప్‌గా పాడాడా? స్క్రాప్ అయితే ఫారం 21 పుట్టదు. అప్పుడు ఎవరో ఒకరు పాత లారీ ఆర్‌సీ తెచ్చి దాని ఛాసిస్ నంబరు మీ బండి మీద కొట్టిస్తామంటారు, వాళ్లను గుమ్మం తొక్కనివ్వకండి, అది ఫోర్జరీ కేసు. ఆలివ్ గ్రీన్ రంగు కూడా మార్చాలి, రక్షణ శాఖ బండ్లకు తప్ప ఇంకెవరికీ ఆ రంగు వేయకూడదని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 121వ నియమం.

ఈ వారమే వ్యాపారిని కలిసి వేలం కాగితాలు చూడండి. రోడ్డెక్కే బండో, పెరట్లో పెట్టుకుని చూసుకునే బండో తెలిస్తే, దాని కోసం ఎంత కోర్టు ఫీజు పెట్టాలో మీరే నిర్ణయించుకోగలరు.