కర్త ఎవరో చెప్పు

అమ్మాయ్,

ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌లో మూలవాసి ఆటగాళ్ల మీద సాగిన జాత్యహంకారం గురించి నువ్వు రాసిన వ్యాసం ఏడో పేజీ దాకా ఒక్క ఊపున చదివి అక్కడ ఆగిపోయాను. 2015 మే 29న సిడ్నీ క్రికెట్ గ్రౌండ్‌లో సిడ్నీ జట్టు మూలవాసి ఆటగాడు ఆడమ్ గూడ్స్ కార్ల్‌టన్ జట్టు మీద గోల్ కొట్టి, ఆ జట్టు అభిమానుల వైపు తిరిగి వేసిన అడుగుల్ని నువ్వు 'ఆటవిక నృత్యం' అన్నావు. అతని పక్షాన నిలబడి రాసిన వ్యాసంలోనే ఆ మాట పడింది. ఆటవికం అంటే అడవికి సంబంధించినదని నిఘంటువు చూపించకు. 'ఆటవిక చర్య', 'ఆటవిక రాజ్యం' అని మన పత్రికలు రాసీ రాసీ ఆ మాటలోంచి అడవిని తీసేశాయి. మిగిలింది క్రూరత్వం ఒక్కటే. గూడ్స్‌కు ఆ అడుగులు నేర్పింది పదహారేళ్ల లోపు మూలవాసి పిల్లల జట్టు, 'ఫ్లయింగ్ బూమరాంగ్స్'. చివర్లో ఈటె విసిరినట్టు చెయ్యి విసిరాడు. అది యుద్ధ నృత్యం. ఆ రెండు మాటలు రాస్తే చాలు. ఆ వారం ఫుట్‌బాల్ లీగ్ మొత్తం మూలవాసుల గౌరవార్థం ఆడుతున్న వారమని నువ్వు రాయనే లేదు. గౌరవించడానికే పెట్టుకున్న వారంలో ఒక మూలవాసి తన సంస్కృతిని చూపిస్తే జనం భరించలేకపోయారన్నది అసలు విషయం.

ఆ తర్వాత పెన్సిల్ పట్టుకుని మళ్లీ మొదటి నుంచి చదివాను. 'బడు' కనిపించిన చోటల్లా గీత గీశాను. పద్నాలుగు పేజీల్లో 31 గీతలు పడ్డాయి. అవమానించబడ్డాడు, వెలివేయబడ్డాడు, లక్ష్యంగా చేసుకోబడ్డాడు. ఇది నీ ఒక్కదాని తప్పు కాదు. ఇంగ్లిష్ ఏజెన్సీ వార్తను అరగంటలో తెలుగు చేసి ఇమ్మని రాత్రి డెస్కుల మీద కూర్చోబెట్టిన ఎడిటర్లు రెండు తరాల రాతగాళ్లకు ఈ రోగం అంటించారు. పేరు రాస్తే ఎవరికో కోపం వస్తుందని దాన్ని కొట్టేసి 'కొందరు' అని పెట్టినవాళ్లూ వాళ్లే. జాత్యహంకారం గురించి రాసేటప్పుడు ఈ అలవాటు భాషా దోషంతో ఆగదు, నేరం చేసినవాడికి అడ్డంగా నిలబడుతుంది. చేసినవాడు వాక్యంలోంచి జారుకుంటాడు, పడినవాడు ఒక్కడే మిగులుతాడు. పాఠకుడు జాలిపడి పేజీ తిప్పేస్తాడు.

'బడు' తీసేస్తే సరిపోతుందనుకోకు. తెలుగులో ఇంకో దొంగదారి ఉంది. 'అవమానించారు' అన్నా వాక్యం పూర్తయిపోతుంది, ఎవరన్నది చెప్పకుండానే. కాబట్టి ప్రతి క్రియ దగ్గరా ఆగి అడుగు: ఎవరు? ఏ పదవిలో ఉన్నవాడు? ఆపగలిగీ ఆపనిది ఎవరు?

డగ్ నికల్స్ సంగతి చూడు. 'కార్ల్‌టన్ క్లబ్‌లో అతను తిరస్కరించబడ్డాడు' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. 1927లో యోర్టా యోర్టా జాతి కుర్రాడు నికల్స్ కార్ల్‌టన్‌లో ఆడదామని వెళ్తే, ఆటగాళ్ల ఒంటికి నూనె రాసి కండరాలు మర్దనా చేసే శిక్షణ సిబ్బంది అతన్ని ముట్టుకోబోమన్నారు. వాసన వస్తున్నాడన్నది వాళ్లు చెప్పిన కారణం. క్లబ్ ఆ సిబ్బందిని మార్చలేదు, నికల్స్‌ను పంపేసింది. ఇక్కడ ఇద్దరు కర్తలున్నారు: చెయ్యి వెనక్కి తీసుకున్నవాడొకడు, ఆ చేతిని సమర్థించిన క్లబ్ ఇంకొకటి. పెత్తనం బోర్డు గదిలో మాత్రమే ఉండదు, నూనె సీసా పట్టుకున్న చేతిలోనూ ఉంటుంది. ఆయన నార్త్‌కోట్‌కు వెళ్లి ఆడాడు, 1932లో ఫిట్జ్‌రాయ్‌కు వచ్చాడు. 1976లో సౌత్ ఆస్ట్రేలియా గవర్నర్ అయ్యాడు. మూలవాసుల గౌరవార్థం ఆడే ఆ వారపు రౌండ్‌కు 2016 నుంచి ఆయన పేరే పెట్టారు. నువ్వు గవర్నర్ పదవిని రెండు పేరాలు రాసి, ఆ మర్దనా గదిని ఒక్క వాక్యంలో దాటేశావు. తారుమారు చెయ్యి.

అంతకంటే ముందు ఇంకో పని. 'ఫుట్‌బాల్' అని మొదలుపెట్టి ఎక్కడా విడమరచలేదు. నువ్వు మెల్‌బోర్న్‌లో ఉంటావు కాబట్టి నీకు తెలుసు. గుంటూరులో చదివేవాడు గుండ్రటి బంతిని, గోల్‌కీపర్‌ని ఊహించుకుంటాడు. ఇది ఆస్ట్రేలియన్ రూల్స్ ఆట. కోలాకారపు మైదానం, కోలబంతి, జట్టుకు 18 మంది, నాలుగు క్వార్టర్లు. పొడవాటి రెండు స్తంభాల మధ్య తంతే ఆరు పాయింట్లు, పక్క స్తంభం లోపల పడితే ఒకటి. మూడు వాక్యాల్లో అయిపోతుంది. విక్టోరియాలో 1897లో మొదలైన లీగే ఇవాళ్టి ఏఎఫ్‌ఎల్ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్). ఇది చెప్పకపోతే గూడ్స్ సిడ్నీ తరఫున 372 మ్యాచ్‌లు ఆడాడన్నా, అత్యుత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో పతకం 2003లో, 2006లో రెండుసార్లు గెలిచాడన్నా ఆ బరువు పాఠకుడికి అందదు.

గూడ్స్ భాగంలో నీ కోపం నిజమైనదే, కానీ అది తేదీల్ని మింగేసింది. ఇలా చెయ్యి. కాగితం మీద మూడు గళ్లు గీయి. మొదటి గడిలో జరిగింది, రెండో గడిలో ఆపే అధికారం ఉన్నవాళ్లు, మూడో గడిలో వాళ్లు కదలడానికి పట్టిన కాలం. 2013 మే 24, మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్: 13 ఏళ్ల అమ్మాయి కంచె దగ్గర నుంచి అతన్ని కోతి అంది. అతను వేలు చూపించాడు, భద్రతా సిబ్బంది నిమిషాల్లో ఆమెను బయటికి తీసుకెళ్లారు. ప్రత్యర్థి జట్టు కాలింగ్‌వుడ్ క్లబ్ అధ్యక్షుడు ఎడీ మెక్‌గ్వైర్ ఆ రాత్రే డ్రెస్సింగ్ రూమ్‌కు వెళ్లి క్షమాపణ చెప్పాడు. ఐదు రోజుల తర్వాత అదే మెక్‌గ్వైర్ రేడియోలో మాట్లాడుతూ, కింగ్ కాంగ్ నాటకం ప్రచారానికి గూడ్స్‌ను వాడుకోవచ్చన్నాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టు, వ్యాఖ్యానం అక్కర్లేదు.

తర్వాత గడి పెద్దది. 2014లో గూడ్స్ 'ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్' అయ్యాడు, దేశం తన గతాన్ని చూసుకోవాలని మాట్లాడాడు. 2015కల్లా ఊరూరా మైదానాల్లో బంతి అతని చేతికి వచ్చిన ప్రతిసారీ వేలమంది ఊళలు పెట్టారు. ఫ్రీ కిక్ కోసం నటిస్తాడనీ, చిన్నపిల్లను బజారుకీడ్చాడనీ, జాతికీ దీనికీ సంబంధం లేదనీ కారణాలు చెప్పారు. లీగ్ పెద్దలు దాన్ని జాత్యహంకారం అనడానికి నెలల తరబడి తటపటాయించారు. జూలై 26న పెర్త్‌లో ఊళలు తారస్థాయికి చేరాయి. గూడ్స్ సెలవు పెట్టాడు. సెప్టెంబరులో రిటైరయ్యాడు, ఫైనల్ రోజు వీడ్కోలు ఊరేగింపుకు రానన్నాడు. లీగ్, 18 క్లబ్బులు క్షమాపణ ప్రకటించింది 2019 జూన్‌లో, అతని చివరి సీజన్ మీద తీసిన డాక్యుమెంటరీ విడుదలకు ముందు. దాదాపు నాలుగేళ్లు. మూడో గడిలో ఆ అంకె రాయి.

ఆ ప్రకటన తెప్పించుకుని వ్యాకరణం కళ్లతో చదువు. అతన్ని ఆట నుంచి తరిమేసిన ప్రవర్తనకు అతను గురయ్యాడు అంటుంది. ఎవరి ప్రవర్తనో చెప్పదు. 'ఆట' అతనికి తగినంత అండగా నిలవలేదు అంటుంది. ఆటకు నోరుందా, సంతకం పెట్టే అధికారం ఉందా? అండగా నిలవనిది మనుషులు. క్షమాపణలోనే కర్త దాక్కుంటే, దాన్ని బయటికి లాగడం రాసేవాళ్ల పని. నువ్వేమో ఆ వాక్యాన్ని తెలుగు చేసి ఊరుకున్నావు.

నికీ విన్మార్ ఫొటో నీకు బాగా కుదిరింది. 1993 ఏప్రిల్ 17, కాలింగ్‌వుడ్ సొంత మైదానం విక్టోరియా పార్క్, జెర్సీ ఎత్తి చర్మం చూపించిన నూంగర్ జాతి ఆటగాడు. కానీ గిల్బర్ట్ మెక్‌ఆడమ్ పేరు ఎందుకు వదిలేశావు? ఆ రోజు సెయింట్ కిల్డాను గెలిపించినవాళ్లు వీళ్లిద్దరూ, తిట్లు పడినవాళ్లూ ఇద్దరే. ఆ తర్వాత కాలింగ్‌వుడ్ అప్పటి అధ్యక్షుడు అలన్ మెక్‌అలిస్టర్ టీవీలో, మైదానం బయట తెల్లవాళ్లలా నడుచుకున్నంతకాలం వీళ్లను అందరూ గౌరవిస్తారన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. అధ్యక్షుడే ఆ మాట అన్నప్పుడు కంచె దగ్గర అరిచేవాడికి భయమెందుకు? ఆ గొలుసు చూపించు. అదే క్లబ్ 2020లో బయటివాళ్లతో విచారణ చేయించింది. 2021 ఫిబ్రవరిలో బయటపడ్డ ఆ నివేదిక వ్యవస్థాగత జాత్యహంకారం ఉందని తేల్చి, 18 సిఫార్సులు చేసింది. నివేదిక బయటికొచ్చిన రోజును మెక్‌గ్వైర్ చరిత్రాత్మకమైన, గర్వించదగ్గ రోజు అన్నాడు. వారం తిరిగేసరికి రాజీనామా చేశాడు.

మూలవాసి ఆటగాడు మైఖేల్ లాంగ్ దగ్గర నీకో పొరపాటు దొర్లింది. 1995 ఏప్రిల్ 25 మ్యాచ్‌లో ప్రత్యర్థి జాతి పేరుతో తిట్టాడని లాంగ్ ఫిర్యాదు చేశాడు కాబట్టి 'దోషి శిక్షించబడ్డాడు' అని రాశావు. శిక్షేమీ పడలేదు. లీగ్ ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ మాట్లాడి, విలేకరుల ముందు చేతులు కలిపించింది. జాతి, మత దూషణను నిషేధించే నిబంధన ఆ ఏడాదే ఆ తర్వాత వచ్చింది. అందులోనూ మొదటి మెట్టు గోప్యంగా జరిగే రాజీయే. గోప్యత ఎవరికి మేలు చేస్తుందో నీ వ్యాసం అడగాలి. 2021లో అడిలైడ్ ఆటగాడు టేలర్ వాకర్‌కు జాతి దూషణ చేసినందుకు ఆరు మ్యాచ్‌ల నిషేధం పడింది. 1995 నుంచి 2021 వరకు దూరం కొలవాలంటే ఆ రెండూ ఒకే పేరాలో ఉండాలి.

ఇక విశేషణాలు. 'మాంత్రికుడు', 'పుట్టుకతోనే వచ్చిన మెరుపు వేగం', 'సహజసిద్ధ ప్రతిభ'. మూలవాసి ఆటగాళ్లకు వ్యాఖ్యాతలు దశాబ్దాలుగా వేస్తున్న దండలివి. తెల్ల ఆటగాడికి 'వ్యూహం, శ్రమ, నాయకత్వం' దక్కుతాయి. పొగడ్తలానే ఉంటుంది, ఆట ముగిశాక పని చేస్తుంది. మాయ చేసేవాడిని కోచ్‌గా ఎవరు పెట్టుకుంటారు? ఇటీవలి దశాబ్దాల్లో ఏఎఫ్‌ఎల్ ఆటగాళ్లలో పదోవంతు దాకా మూలవాసులున్నారు, దేశ జనాభాలో వాళ్లు నాలుగు శాతం లోపే. ప్రధాన కోచ్‌లుగా పూర్తికాలం చేసినవాళ్లు మాత్రం ఇద్దరు: 1973–75లో జీలాంగ్‌కు గ్రాహం ఫార్మర్, 1981–84లో నార్త్ మెల్‌బోర్న్‌కు బారీ కేబుల్. లీగ్‌ను నడిపే కమిషన్‌లో మొదటి మూలవాసి హెలెన్ మిల్‌రాయ్ నియామకం 2018లో జరిగింది. నీ విశేషణాలన్నీ కొట్టేసి ఆ చోట ఈ లెక్క పెట్టు.

రాబర్ట్ ముయిర్ గురించి రాసేటప్పుడు ఇంకా జాగ్రత్త. సెయింట్ కిల్డాకు 68 మ్యాచ్‌లు ఆడిన యోర్టా యోర్టా మనిషిని పత్రికలు 'పిచ్చికుక్క' అన్నాయి. తిట్టినవాళ్లను వదిలేసి తిరగబడినవాడి కోపాన్ని వార్త చేశాయి. అతని చివరి సీజన్ 1984, లీగ్ క్షమాపణ 2020. నువ్వు ఆ మారుపేరును ఉపశీర్షికగా పెట్టావు. తీసెయ్యి. దూషణ పదం సంఘటనకే ప్రాణమైతే లోపల ఒక్కసారి రాయి, శీర్షికలో ఎప్పుడూ వద్దు.

ప్రతిచోటా కర్తను పట్టుకోమన్నానని రుజువు కానిదాన్ని రుజువైనట్టు రాయకు. హాథార్న్ క్లబ్ కోచ్‌లు తమ పట్ల జాతి వివక్ష చూపారని 2022 సెప్టెంబరులో మూలవాసి కుటుంబాలు చేసినవి ఆరోపణలు. కోచ్‌లు ఖండించారు. లీగ్ దర్యాప్తు 2023 మేలో ఎవరినీ తప్పుపట్టకుండా ముగిసింది. 2024లో క్లబ్ కోర్టు వ్యాజ్యాన్ని రాజీతో ముగించి ఆ కుటుంబాలకు క్షమాపణ చెప్పింది. ఈ నాలుగూ ఈ వరుసలోనే రావాలి, ఒక్కటి జారినా అబద్ధమవుతుంది.

క్రికెటర్ సిరాజ్‌తో మొదలుపెట్టడం నాకు నచ్చింది. అది మన హైదరాబాద్ కుర్రాడని కాదు, అతని సంఘటన జరిగింది గూడ్స్ నృత్యం చేసిన మైదానంలోనే. కానీ అక్కడా తొందరపడ్డావు. 2021 జనవరిలో సిడ్నీ టెస్టు మధ్యలో ప్రేక్షకులు తిడుతున్నారని అతను అంపైర్లకు చెప్పాక పోలీసులు ఆరుగురు ప్రేక్షకుల్ని బయటికి పంపారు. 'దోషులు గెంటివేయబడ్డారు' అన్నావు. భారత జట్టు సభ్యుల మీద జాతి దూషణ జరిగిందని క్రికెట్ ఆస్ట్రేలియా విచారణ తేల్చింది, ఆ ఆరుగురూ దోషులు కారని కూడా తేల్చింది. కర్త దొరకని చోట దొరకలేదని రాయి. అక్కడ 'బడు' పెట్టి ఖాళీని కప్పకు.

చిన్నవి కొన్ని. 'అబోరిజినీ' అన్న ఇంగ్లిష్ నామవాచకాన్ని చాలామంది మూలవాసులు అవమానంగా భావిస్తారు, వాడకు. వీలైనచోట జాతి పేరు చెప్పు. గూడ్స్ అడ్న్యమత్న, నారుంగ జాతుల మనిషి. చనిపోయినవాళ్ల పేర్లు, ఫొటోలు వస్తాయని మొదట్లోనే ఒక వాక్యం పెట్టు, చాలా సముదాయాల్లో అది బాధపెట్టే విషయం. 2013 నాటి ఆ అమ్మాయి పేరు నీ రాతలోంచి తీసెయ్యి. ఆమెను నిందించొద్దని, ఆమెకు అండ కావాలని మర్నాడే చెప్పింది గూడ్స్.

ఏ పత్రికకు పంపాలి, పుస్తకంగా వేయొచ్చా అన్న నీ ప్రశ్నలకు ఇప్పుడు జవాబు రాయను. కన్నీళ్లను జయించిన వీరగాథగా మార్చి ఇమ్మంటారు, అది మాత్రం ఒప్పుకోకు.

ముందు ఏడో పేజీ తిరగరాసి పంపు. 2015 ఆగస్టు 1న సిడ్నీ క్రికెట్ గ్రౌండ్‌లో అడిలైడ్‌తో మ్యాచ్. గూడ్స్ ఆడలేదు. అతని జెర్సీ నంబరు 37. మూడో క్వార్టర్ ఏడో నిమిషం రాగానే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ దృశ్యం నీ వ్యాసంలో ఎక్కడా లేదు. పెర్త్ ఊళల తర్వాత దానికి చోటుంది.

ఆశీస్సులతో