లిస్బన్ నుంచి పోర్టోకి రైల్లో: ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి?

పోర్చుగల్‌లో అమ్మానాన్నలతో లిస్బన్ నుంచి పోర్టో వెళ్తున్నాం, రైలు మంచిదా బస్సు మంచిదా, సామాన్లతో ఇబ్బంది పడతామా అని అడిగారు కదా. నిరుడు అక్టోబరులో మేం ఇదే దారిలో వెళ్లాం. నేను, 68 ఏళ్ల మా నాన్న, రెండు పెద్ద సూట్‌కేసులు. బస్సు చవగ్గా దొరుకుతుంది, కాదనను. కానీ పెద్దవాళ్లు మధ్యలో లేచి నాలుగడుగులు వేయాలన్నా, బాత్రూంకి వెళ్లాలన్నా రైలే హాయి.

ముందు స్టేషన్ సంగతి. సికింద్రాబాద్, నాంపల్లి లాగే లిస్బన్‌లోనూ పోర్టో రైలు ఎక్కడానికి రెండు పెద్ద స్టేషన్లున్నాయి. రైలు సాంతా అపొలోనియాలో బయల్దేరి, పది నిమిషాల్లోపే ఒరియెంతేకి వస్తుంది. ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా వస్తుంటే ఒరియెంతే దగ్గర, మెట్రో రెడ్ లైన్‌లో మూడో స్టాపే. ఊళ్లో బస చేస్తే మాత్రం సాంతా అపొలోనియాకే వెళ్లండి. బండి అక్కడే మొదలవుతుంది కాబట్టి తాపీగా ఎక్కి సామాన్లు సర్దుకోవచ్చు. ఒరియెంతేలో ప్లాట్‌ఫారాలు పైన ఉంటాయి, బండి ఎక్కువసేపు ఆగదు. టికెట్ మీద 'కర్రువాజెం' అంటే బోగీ నంబరు, 'లుగార్' అంటే సీటు.

రైళ్లు రెండు రకాలు. ఆల్ఫా పెందులార్ దాదాపు మూడు గంటల్లో చేరుస్తుంది, ఇంటర్‌సిదాదెష్ ఇంకొంచెం ఎక్కువ తీసుకుంటుంది, ధర తక్కువ. అందరూ ఆల్ఫా ఎక్కమంటారు. నేను మాత్రం ఒక్క మాట చెబుతాను. అది మలుపుల్లో పక్కకి ఒరిగే రైలు, 220 కిలోమీటర్ల వేగం దాకా పోతుంది. నాన్న మొదట తెగ సంబరపడ్డారు. కొయింబ్రా దాటేసరికి మాటలు తగ్గాయి, ముఖం పాలిపోయింది. "ఏం లేదురా, కాస్త తల తిరుగుతోంది" అని నిమ్మకాయ బిళ్ల చప్పరిస్తూ కళ్లు మూసుకున్నారు. మీ ఇంట్లో ఘాట్ రోడ్డు పడని వాళ్లుంటే ఇంటర్‌సిదాదెష్ చాలు, అది ఒరగదు.

టికెట్ రైల్వే వెబ్‌సైట్‌లోనే కొనండి. ముందుగా కొంటే బాగా తగ్గింపు ఉంటుంది. 65 దాటినవాళ్లకి సగం ధర రాయితీ వేరే ఉంది, రెండూ చూసి ఏది తక్కువైతే అది తీసుకోండి. వయసు రుజువుకి పాస్‌పోర్టు చాలు. నాన్న లిస్బన్ నుంచే దాన్ని చేతిలో పట్టుకుని కూర్చున్నారు. టీసీ వచ్చి పుట్టిన సంవత్సరం మీద వేలు పెట్టి చూసి, తలూపి వెళ్లిపోయాడు. దానికోసమా ఇంత టెన్షన్!

సీటు దొరికితే ఎడమ కిటికీ పక్కన కూర్చోండి. అవేయ్రో తర్వాత, ఎష్పిన్యో దాటాక కాసేపు సముద్రం కనిపిస్తుంది. చివర్లో దోరు నది మీద వంతెన ఎక్కగానే అదే పక్కన ఇనుప కమానుతో ఇంకో వంతెన ఉంటుంది. అది 1877లో ఐఫిల్ కంపెనీ కట్టిన మరియా పియా. 1991 దాకా రైళ్లు దాని మీదే నడిచాయి, ఇప్పుడు ఖాళీగా ఉంది.

ఇక మేం చేసిన పొరపాటు. ఈ దూరప్రయాణపు రైళ్లు పోర్టోలో కంపన్యా స్టేషన్‌లోనే ఆగుతాయి. ఊరి నడిబొడ్డున ఉన్న సావ్ బెంతోకి వెళ్లవు. బయటికొచ్చి చూస్తే మామూలు వీధులు. "ఇదేనా పోర్టో?" అన్నారు నాన్న. ఎందుకొచ్చిన గొడవ అని టాక్సీ ఎక్కాం. మర్నాడు బసలో మాటల్లో తెలిసింది, మా దగ్గరున్న టికెట్‌తోనే కంపన్యా నుంచి సావ్ బెంతోకి లోకల్ రైల్లో ఉచితంగా వెళ్లొచ్చట, ఐదు నిమిషాల ప్రయాణమట! టాక్సీ డబ్బుని రూపాయల్లోకి మార్చి నాన్న ఆ పూటంతా గుర్తుచేస్తూనే ఉన్నారు.

అన్నట్టు, సావ్ బెంతోలో దిగగానే బయటికి పరిగెత్తకండి. హాలు గోడల నిండా నీలం, తెలుపు పెంకుల (టైల్స్) బొమ్మలు, సుమారు 20 వేల పెంకులు. యుద్ధాలు, ఊరేగింపులు అన్నీ వాటి మీదే. మేం మర్నాడు పనిగట్టుకుని వెళ్లి చూశాం. నాన్న గోడ దగ్గరికెళ్లి గోటితో ఒక పెంకు అంచు మెల్లగా తట్టి, "ఇందులో ఒక్కటి పగిలితే అదే ముక్క మళ్లీ ఎలా గీస్తార్రా?" అన్నారు. అరగంట దాకా కదల్లేదు.